మచ్చిక

పత్రికల్లో మచ్చిక అన్న మాట ఈ రోజుల్లో ఎక్కువగా కనిపించేది నేరవార్తల పేజీలో. మాయమాటలతో మచ్చిక చేసుకుని నగలు కాజేశాడనో, మిఠాయిలిచ్చి మచ్చిక చేసుకుని పిల్లను ఎత్తుకుపోయారనో ఉంటుంది. ఆ వాక్యం చదివినప్పుడల్లా జరిగిన ఘోరానికి మనసు చివుక్కుమంటుంది. ఆ వెనకే ఆ మాటకు పట్టిన గతికి కూడా బాధ కలుగుతుంది. గొడ్లసావిట్లో పొద్దు గడిపినవాళ్ళు ఎంతో ఇష్టంగా పలికే మాట అది. కొత్తగా తోలుకొచ్చిన ఆవు దగ్గరికి పోబోతే "దాన్ని తాకబోకండి, ఇంకా మచ్చిక కాలేదు" అని మా ప్రకాశం జిల్లా పల్లెల్లో పిల్లల్ని ఆపేవాళ్ళు. కొన్నాళ్ళకు అదే ఆవు పిల్లల అరచేతుల్లో తవుడు నాకుతుంటే "మచ్చికైందే" అనేవాళ్ళు. ఆ అనడంలో సంతోషం వినిపించేది.

పాత నిఘంటువులు తిరగేస్తే మచ్చికకు ప్రేమ, చెలిమి, అనురాగం అన్న అర్థాలు కనిపిస్తాయి. ఒకరికొకరు ఇష్టపడిన ఇద్దరి మధ్య ఉండేది మచ్చిక. మాలిమి కూడా అంతే. మాలిమి కుక్క అంటే కరవని కుక్క. మాలిమి అంటే ఆదరం, ఆప్యాయత కూడా. అడవితనం పోగొట్టడానికీ ఆప్యాయతకూ ఒకే మాట వాడుకున్న భాష మనది. ఇది ఎంతో గొప్ప సంగతి అని నాకు చాలాకాలం అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది కానీ, దానితోపాటు కొంత భయం కూడా వేస్తుంది. ప్రేమకూ లొంగుబాటుకూ ఒకే పేరుంటే, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని రాబట్టుకోవడం తేలికవుతుంది. నేరవార్తల పేజీలో జరుగుతున్నది సరిగ్గా అదే.

అయితే మాటను వాడే తీరులో ఒక రక్ష ఉంది. కట్టేశాం, కొట్టాం, అణిచాం అన్నప్పుడు పని మనది. మచ్చిక దగ్గరికి వచ్చేసరికి "మచ్చిక అయింది", "కాలేదు" అంటాం. అయ్యేది దూడ. మనం ఎంత తవుడు పెట్టినా, ఎంత నిమిరినా అది కావాలనుకుంటేనే అవుతుంది. చేసుకున్నాం అన్నా సరే, ఆ "కొను"లో బతిమాలుకోవడం, అడిగి తెచ్చుకోవడం వంటి పనుల ఛాయ ఉంది. మచ్చికలో రెండో ప్రాణి ఒప్పుకోలు దాగి ఉంది.

దీని పక్కనే ఇంకో మాట ఉంది, సేద్యగాళ్ళ మాట. మరపడం. కాడికి కోడెను మరపడం అంటే అలవాటు చేయడం. మరగడం నుంచి వచ్చింది. రుచి మరిగిన పిల్లి, మనిషి నెత్తురు మరిగిన పులి అంటామే, ఆ మరగడమే. అడవిలోని పులి మనిషి రుచికి అలవాటుపడినా, ఊళ్ళోని కోడె కాడికి అలవాటుపడినా తెలుగు రైతుకు జరిగింది ఒకటే: ప్రాణి ఒకదానికి మరిగింది. ఇక దాన్నుంచి వెనక్కి రావడం కష్టం. మచ్చికలో ప్రేమ ఉంది. మరపులో ఓపిక ఉంది, పని ఉంది, తిరిగిరాని దారి ఉంది. ఈ రెండూ కాక మూడోది అణచడం. ఈ మూడింటినీ కలిపి ఒకటే అనుకోవడం వల్ల మనం చాలా తప్పులు చేశామని నా నమ్మకం. ఎందుకో చెప్పాలంటే ముందు కోడెల దగ్గరికి వెళ్ళాలి.

పాలపళ్ళు ఊడి రెండు పళ్ళు వేసిన కోడెను ఎండాకాలంలో పట్టేవాళ్ళు. పొలాలు ఖాళీగా ఉంటాయి, తొలకరికి ఇంకా వ్యవధి ఉంటుంది, తప్పు జరిగినా పైరు పాడవదు. ముక్కు కుట్టడం అప్పటికే అయిపోయి ఉంటుంది. రెండు ముక్కుపుటాల మధ్య మెత్తటి చోట సూదితో పొడిచి తాడు దూరుస్తారు. పుండు మానేదాకా పసుపు, నూనె రాస్తారు. దాన్ని గురించి తీయగా చెప్పడానికి ఏమీ లేదు. ఆ పూట కోడె పెట్టే అరుపు ఊరి చివరిదాకా వినిపించేది. ముకుతాడు పడ్డాక మాత్రం ఎంత బలమైన కోడె అయినా పసివాడి చేతికి వస్తుంది. తాడు కదిలితే నొప్పి. ఇక్కడిదాకా జరిగింది అణచడం. మరపడం ఇంకా మొదలు కాలేదు.

మా పెద్దనాన్న కోడెలను మరిపేవారు. ఆ పని అందరికీ చేతకాదని ఊళ్ళో ఒప్పుకున్న సంగతి. మొదట సావిట్లోనే వట్టి కాడి తెచ్చి మెడమీద కాసేపు ఆనించి తీసేసేవారు. అది బెదిరి పక్కకు తప్పుకుంటే ఏమీ అనేవారు కాదు. తర్వాత బాగా పని తెలిసిన ముసలి ఎద్దు పక్కన కోడెను కట్టి, ఏటి ఇసుకలో ఒక మొద్దు లాగించేవారు. ఇసుకలో పరిగెత్తలేదు, పడినా దెబ్బ తగలదు. కోడె ఎటు గుంజినా పెద్ద ఎద్దు కదలదు, నడిచే వేళకు నడుస్తుంది, ఆగమన్నచోట ఆగుతుంది. కోడెకు అసలు గురువు ఆ ముసలి ఎద్దే అని ఆయన ఎప్పుడూ అనేవారు. మొద్దు తర్వాత ఖాళీ బండి, ఆ తర్వాత గుంటక, చివరికి నాగలి. దాపట (ఎడమవైపు) కట్టిన ఎద్దు ఎప్పటికీ దాపటనే, వెలపట (కుడివైపు) కట్టింది వెలపటనే; మార్చి కడితే తడబడతాయి. ఏది ఎటువైపు పనికొస్తుందో ఆ ఇసుకలోనే తేలేది.

కొన్ని కోడెలు కాడి పడగానే కూలబడతాయి. లేవవు. అక్కడే మనుషుల గుణం బయటపడుతుంది. తోక మెలిపెట్టేవాళ్ళున్నారు, ములుకోలతో పొడిచేవాళ్ళున్నారు, ఎండుగడ్డి తెచ్చి పక్కన మంట వేసేవాళ్ళు కూడా ఉన్నారు. మా పెద్దనాన్న చుట్ట ముట్టించుకుని పక్కనే కూర్చునేవారు. కాడి విప్పేవారు కాదు, కొట్టేవారూ కాదు. కోడెకు విసుగొచ్చి లేచేది. లేవగానే గంగడోలు నిమిరేవారు. మెడకింద వేలాడే ఆ మడతను వేళ్ళతో కిందికి నిమురుతుంటే ఎంత పొగరుమోతు గిత్త అయినా మెడ చాచి, కళ్ళు సగం మూసి నిలబడిపోతుంది. సాయంత్రం ఉలవ గుగ్గిళ్ళు తనే పెట్టేవారు, పనివాళ్ళ చేత పెట్టించేవారు కాదు. ముకుతాడు పట్టుకున్న చేయీ మేత పెట్టే చేయీ ఒకటే అయి ఉండాలని ఆయన పట్టుదల. మచ్చిక, మరపు, అణచడం అన్న మూడూ ఆ ఒక్క చేతిలో ఉండేవి. ఏది ఎప్పుడు ఎంత అన్నదే ఆ విద్య.

మా జిల్లా గిత్తల పేరు దేశాలు దాటింది. బ్రెజిల్‌లో కోట్ల సంఖ్యలో ఉన్న నెలోర్ జాతి పశువులకు మూలం ఒంగోలు జాతే. నెల్లూరు పేరే అక్కడ అలా మిగిలింది. కానీ కాడి మరిపే విద్య మాత్రం ట్రాక్టర్లు వచ్చాక పల్లెల్లో దాదాపుగా ఆగిపోయింది. సంక్రాంతికి జరిగే బండలాగుడు పోటీల కోసం ఇప్పుడు ఎద్దులను సాకుతున్నారు. వాటిని చూస్తే గర్వంగానే ఉంటుంది. అయినా ఒక్క పూట బలం చూపించడానికి పెంచే ఎద్దుకూ, పదేళ్ళు రైతు అడుగులో అడుగు వేసి నడిచే ఎద్దుకూ కావలసిన మరపు వేరు.

తాళ్ళు పోయినా తాళ్ళ పేర్లు మన నోళ్ళలో ఉన్నాయి. పలుపు, తలుగు, పగ్గం, ముకుతాడు, కళ్ళెం, చిక్కం, గుదిబండ. ధరలకు కళ్ళెం, అవినీతికి ముకుతాడు అని శీర్షికలు పెడుతూనే ఉన్నాం. గుదిబండ అంటే అప్పు గురించో, ఇష్టంలేని బాధ్యత గురించో చెప్పేమాటగా మాత్రమే చాలామందికి తెలుసు. మేతకు వదిలినప్పుడు ఊరికే పరిగెత్తే గొడ్డు మెడలో వేలాడదీసే దుంగ అది. నడిస్తే ఏమీ అనదు. పరిగెత్తితే మోకాళ్ళకు కొట్టుకుంటుంది. చిక్కం గుంటక తోలేటప్పుడు పైరు కొరకకుండా మూతికి కట్టేది. ప్రతి తాడుకూ ఒక వేళ ఉంది, ఆ వేళ దాటితే విప్పేవాళ్ళు. రాత్రి సావిట్లో చిక్కంతో ఏ ఎద్దూ పడుకోలేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఆ పదాలు మనుషుల మీద ప్రయోగించేటప్పుడు మనం ఎంత పారేసుకున్నామో అర్థమవుతుంది. మనుషులకు వేసే ముకుతాళ్ళను విప్పే వేళ ఎవరూ చెప్పరు.

ఇదే ఊరు అన్నింటినీ మచ్చిక చేసుకోవాలని కూడా అనుకోలేదు. దేవుడి పేరు మీద ముద్ర వేసి ఒక కోడెను వదిలేసేవాళ్ళు. దానికి ముకుతాడు లేదు, కాడి లేదు. ఎవరి చేలో పడినా తోలేయడమే తప్ప కొట్టకూడదు. అచ్చోసిన ఆంబోతు అని ఇప్పుడు తిట్టుగా వాడుతున్నాం. కానీ ఊళ్ళో ఆవులన్నీ ఆ ఆంబోతు వల్లనే ఈనేవి. ఊరి మందకు సత్తువ ఆ పొగరులోంచే రావాలి కనుక, కొంత పొగరును కావాలనే కట్టకుండా ఉంచుకున్నారు. దానికి పూర్తిగా అవతలివైపున గంగిరెద్దు ఉంది. నుదుట పట్టీ, మూపురం మీద రంగుల బొంత, కాళ్ళకు గజ్జెలు. సన్నాయి పలికితే అడుగు వేస్తుంది, అడిగితే తల ఊపుతుంది. గంగిరెద్దులా తల ఊపేవాడంటే మనకు చులకన. గంగిరెద్దులవాళ్ళు ఆ ఎద్దును బిడ్డలా చూసుకోవడం, దానికి పెట్టకుండా తాము తినకపోవడం నేను చూశాను. ఆంబోతును తిట్టుకిందా, గంగిరెద్దును వెక్కిరింతకిందా మార్చింది మనమే.

పశువును మచ్చిక చేసుకునే ఈ వ్యవహారం ఎంత పాతదో తెలుసుకోవాలంటే పాలమూరు వైపు మక్తల్ ప్రాంతంలోని ఉట్నూరు దాకా పోవాలి (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు). కృష్ణా తుంగభద్రల చుట్టుపక్కల, బళ్ళారి, రాయచూరు, అనంతపురం దాకా బూడిద దిబ్బలు ఉన్నాయి. జనం వాటిని రాక్షసుల చితాభస్మం అనుకునేవారు; హంపి దగ్గర ఉన్న ఒక దిబ్బను వాలిని దహనం చేసిన చోటని చూపిస్తారు. 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఉట్నూరు దిబ్బను తవ్వారు. అది పేడ కాలిన బూడిద. నాలుగైదు వేల ఏళ్ళ కిందటి పశువుల దొడ్డి అది. తాటి మొద్దులు పాతి కంచె కట్టిన గుంటలు బయటపడ్డాయి. ఒకచోట పొరల్లో గొడ్ల గిట్టల ముద్రలు అలాగే ఉన్నాయి. మన నేల మీద మచ్చికకు అంతకంటే పాత సాక్ష్యం దొరకడం అరుదు. ఆ కాలపు దక్షిణాది జనం పండించినవాటిలో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నాయి. ఎద్దుకు పెట్టే గుగ్గిళ్ళ ఉలవకూ ఆ ఎద్దుకూ అంత పాత స్నేహం.

పైరుకు కూడా మచ్చిక ఉంది. అడవి వరి గింజ పండగానే రాలిపోతుంది. రాలితేనే మళ్ళీ మొలుస్తుంది, దానికి అదే బతుకు. రాలకుండా కంకిని అంటిపెట్టుకున్న గింజలే మనిషి చేతికి దొరికాయి, వాటినే మళ్ళీ చల్లాడు. తరాల తరబడి అలా చల్లగా చల్లగా, కోతదాకా ఆగే వరి తయారైంది. ఇప్పుడు ఆ వరి మనిషి లేకపోతే తనంత తాను బతకలేదు. ఎవరూ దాన్ని కొట్టలేదు, కట్టలేదు. అయినా వెనక్కి దారి మూసుకుపోయింది.

రష్యాలో ఇలాంటిదే ఒక ప్రయోగం జరిగింది. 1959లో నొవొసిబిర్స్క్ దగ్గర ద్మిత్రి బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రవేత్త వెండినక్కలను పెంచడం మొదలుపెట్టాడు. ల్యుద్మిలా త్రూత్ ఆయనతో కలిసి పనిచేసి, 1985లో ఆయన పోయాక కూడా దాన్ని దశాబ్దాలపాటు నడిపింది. వాళ్ళు చూసింది ఒకే ఒక్క గుణం: మనిషి చేయి దగ్గరికి వస్తే పిల్ల బెదురుతుందా, కరుస్తుందా, ఊరుకుంటుందా. బెదరని వాటినే తర్వాతి తరానికి ఎంచుకున్నారు. కొద్ది తరాల్లోనే నక్కలు తోక ఆడించసాగాయి, మనిషి కోసం మూలిగాయి. ఎవరూ కోరకుండానే కొన్నింటి చెవులు వాలాయి, ఒంటిమీద మచ్చలు తేలాయి, తోకలు చుట్టుకున్నాయి. ఆ నక్కల పూర్వీకులు కెనడాలో బొచ్చు కోసం పెంచినవి కనుక కొన్ని మార్పులు అంతకుముందే మొదలై ఉంటాయని తర్వాతివాళ్ళు ఎత్తిచూపారు. అది సరైన అభ్యంతరమే. అయినా భయం తగ్గడమన్న గుణం రక్తంలో దిగుతుందన్నది ఆ ప్రయోగం చూపిన మాట. ఒక జంతువును మచ్చిక చేసుకోవడం ఆ ఒక్క జీవితానికి సంబంధించింది. పెంపుడు జాతి అవడం తరాలకు సంబంధించింది. పెంపుడు అన్న మాట మనకు విడిగా ఉండడం మంచిదైంది.

ఇక ఊరపిచ్చుక ఉంది. ఊర పంది, ఊర కుక్క, ఊరపిచ్చుక. అడవి పంది, అడవి కోడి, అడవి దున్న. ఊర, అడవి అన్న రెండు మాటలు ముందు చేర్చి తెలుగువాళ్ళు ప్రాణులను రెండు చోట్ల కూర్చోబెట్టారు. ఊరపిచ్చుకను ఎవరూ పట్టలేదు, మరపలేదు. వరికంకులు చూరుకు వేలాడదీస్తే వచ్చి తిన్నది, వసారా దూలంలో గూడు పెట్టింది. మనిషి దగ్గరికి పోతే ఎగిరిపోతుంది. ఎవరి చేతికీ చిక్కదు, ఊరు విడిచీ పోదు. ఊరికీ అడవికీ మధ్య ఇంత చక్కటి ఒప్పందం ఇంకొకటి నాకు తెలియదు.

ఏనుగు కథ వేరు. వేల ఏళ్ళుగా గుళ్ళలో, సైన్యాల్లో, కలప అడవుల్లో పనిచేసిన ఏనుగులు పెంపుడు జాతి కాలేదు. బందీగా ఉన్న ఏనుగులు ఈనడం తక్కువ, పిల్ల ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. అందుకని పనికి కావాలంటే ప్రతిసారీ అడవినుంచే పట్టేవాళ్ళు. మైసూరు అడవుల్లో శాండర్సన్ అనే అధికారి 1870లలో మొదలుపెట్టిన ఖెడ్డాలు 1971 దాకా జరిగాయి. మందను తరిమి మొద్దుల కంచెలోకి తోలి, తాళ్ళతో బంధించి, ఆకలితో, అలసటతో లొంగదీసేవారు. మావటి ఎంత ప్రేమగా చూసుకున్నా ఆ మొదటి రోజుల్లో జరిగింది మచ్చిక అనడం అన్యాయం. ఎదిగిన మగ ఏనుగుకు ఏడాదిలో కొన్నాళ్ళు కణతల నుంచి మదం కారుతుంది. అప్పుడు ఇరవై ఏళ్ళుగా అన్నం పెట్టిన మావటిని కూడా ఎరగదు. అడవి దానిలోంచి పోలేదు, లోపలే ఉంది.

అడవి ఏనుగులను దారికి తేవడానికి మచ్చికైన ఏనుగులనే వాడతారు. వాటిని కుంకీలు అంటారు. చిత్తూరు జిల్లా రైతులకు ఈ మాట ఇప్పుడు బాగా తెలుసు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవులనుంచి ఏనుగులు ఇటు రావడం మొదలైంది. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. కుప్పం, పలమనేరు వైపు చెరుకు తోటలు, అరటి తోటలు తొక్కేసిన ఏనుగుల బాధ ఏళ్ళ తరబడి సాగుతోంది. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం కుంకీలను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగిస్తే పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం కట్టారు. కుంకీ అన్నది సాయం అన్న అర్థమున్న కుమక్ అనే పారసీ మాటనుంచి వచ్చింది. మన కుమ్మక్కు కూడా దాన్నుంచి వచ్చిందే. తన జాతి మీదికి తనను తోలుతుంటే వెళ్ళే ఏనుగు చేసేది సాయమా, కుమ్మక్కా? పంట పోయిన రైతుకు అది సాయమే. నేను కూడా ఆ రైతు పక్షమే. అయినా తన దారి తనకు మూసుకుపోయిన ఏనుగును, ఇంకా దారి ఉన్న ఏనుగు మీదికి పంపుతున్నామన్న సంగతి మరచిపోకూడదు.

అడవిప్రాణిని లొంగదీసే ఈ పనిని సంస్కృతం దమనం అన్నది. కణ్వాశ్రమంలో పులులను, సింహాలను పట్టి కట్టేసి ఆడుకున్న శకుంతల కొడుకుకు సర్వదమనుడన్న పేరు వచ్చింది, తర్వాత భరతుడయ్యాడు. ఆ దమనం పుట్టిన ధాతువులోంచే దమం కూడా వచ్చింది, శమదమాలలో ఉండే దమం. బయటి పులిని కట్టడంనుంచి లోపలి ఇంద్రియాలను కట్టడం దాకా ఆ మాట ప్రయాణించింది. తెలుగులో అణచడానికి తోబుట్టువైన అణగడంనుంచి అణకువ వచ్చింది. కాకపోతే అణకువ ఎవరిలో ఉండాలో మనం ముందే తేల్చుకున్నాం. అణకువ గల పిల్ల అని పెళ్ళిచూపుల్లో ఎన్నోసార్లు విన్నాను. అణకువ గల పెళ్ళికొడుకు అని మెచ్చుకోవడం అరుదు. దమం మనం మనకు వేసుకునేది. అణకువను మాత్రం ఎదుటివాళ్ళకు వేస్తున్నాం.

అసలు మచ్చికే కూడని చోటు కూడా ఉంది. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురంలో నాలుగు ఆడ పులికూనలు ఊరి చివర జనానికి దొరికాయి. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం అంచున ఉన్న ఊరు అది. అటవీశాఖవాళ్ళు తల్లిని వెతికి, కూనలను దానికి కలపడానికి రాత్రిళ్ళు ప్రయత్నించారు. తల్లి రాలేదు. కూనలను తిరుపతి జూకు తరలించారు. వాటిని మళ్ళీ అడవికి పంపాలన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చింది. పులికూన రెండేళ్ళ దాకా తల్లి వెంట తిరిగి వేట నేర్చుకుంటుంది. మనిషి వేసిన మాంసం తిని పెరిగే కూనకు మనిషి వాసన అంటే ఆకలి తీరే వేళ అని అలవాటవుతుంది. ఆ మరగడం ఒకసారి జరిగిందా, నల్లమల పల్లెలకూ ఆ పులికీ ఇద్దరికీ ముప్పే. కనుక పెంచాలి, కానీ మచ్చిక కానివ్వకూడదు. కనిపించకుండా మేత పెట్టాలి, పలకరించకూడదు, ముద్దు చేయకూడదు. గంగడోలు నిమిరిన చేతులున్న మనకు ఇది ఎంతో కష్టమైన విద్య. నేర్చుకోక తప్పదు.

మనుషుల విషయంలో మాత్రం ఈ నేర్పు ఎవరూ చూపలేదు. ఎరుకలవాళ్ళు గాడిదల మీద, ఎద్దుల మీద తీరంనుంచి ఉప్పు ఎత్తుకుని లోపలి ఊళ్ళకు పోయి ధాన్యానికి మార్చుకునేవారు. బుట్టలు అల్లేవారు, పందులను పెంచేవారు, సోది చెప్పేవారు. రైళ్ళు వచ్చాయి, ఉప్పు సర్కారు చేతుల్లోకి పోయింది, తిరిగే బతుకుకు ఆధారం పోయింది. అయినా తిరగడం ఆగలేదు. ఆ తిరగడమే నేరంగా కనిపించింది తెల్లదొరలకు. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, వేలిముద్రలు తీసుకుని, రాత్రిపూట హాజరు పిలిచి, చీటీ లేకుండా ఊరు దాటనీయని చట్టం అది. 1913లో బాపట్లకూ చీరాలకూ మధ్య ఒక స్థావరం ఏర్పాటు చేసి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద అది స్టూవర్టుపురం అయింది. ఎరుకలవాళ్ళను అక్కడ కూర్చోబెట్టి సేద్యం చేయమన్నారు. చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా పంపారు. దొరల రాతల్లో ఇదంతా సంస్కరణ. అడవిజంతువును దారికి తెచ్చే భాషలోనే ఆ రాతలు సాగాయి.

ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం పోలేదు. 1991లో ఆ ఊరి పేరు శీర్షికగా పెట్టుకున్న తెలుగు సినిమాలు రెండు వచ్చాయి. 2023లో మళ్ళీ ఆ ఊరి మనిషి కథ ఒకటి వచ్చింది, దాని పేరు ముందు పులి పేరుంది. ముందు ముకుతాడు వేసి, తర్వాత పులి అని చప్పట్లు కొడుతున్నాం. ఈ రెండింటి మధ్య అక్కడ పుట్టిన పిల్ల బడికి పోవడం, తల్లి కూలికి పోవడం ఎవరి కళ్ళకూ ఆనలేదు.

ఆ ఊరికి 1970లలో హేమలతా లవణం వెళ్ళారు. కవి జాషువా కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు. భర్త లవణంతో కలిసి ఆ ఇళ్ళలోకి వెళ్ళి కూర్చుని, వాళ్ళు పెట్టింది తిని, పిల్లల చదువు గురించి, కేసుల గురించి, పని గురించి మాట్లాడారు. పోలీసుల దగ్గరికి వాళ్ళ తరఫున వెళ్ళారు. చేతిలో ఏ తాడూ లేదు. ఆమె స్టూవర్టుపురాన్ని మచ్చిక చేసుకుందని ఎవరో రాయగా చదివాను. మంచి ఉద్దేశంతో రాసి ఉంటారు. అయినా ఆ మాట అక్కడ పనికిరాదు. ఎవరినైనా మచ్చిక చేసుకున్నారంటే ఎదుటివాళ్ళలో అడవితనం ఉందని ముందే ఒప్పుకున్నట్టవుతుంది. ఆమె చూసింది అడవితనం కాదు, అరవై ఏళ్ళ కిందట చట్టం వేసిన ముద్ర. ఆమె చేసినదానికి ఆ పాత నిఘంటువుల్లోనే సరిపోయే మాట ఉంది, చెలిమి. హేమలత గురించి రాసేటప్పుడు ఆ మాటే రాయండి.